ఫిలిప్పీ సంఘము ఇప్పుడెట్లున్నది?

చదువవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 16, 17, 18 అధ్యాయములు, ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక



గ్రీసు దేశయాత్ర ముగించుకొని వచ్చిన పిమ్మట, ఇబ్రహీంపట్నము మండలములోని ఒక చిన్న సంఘమువారు, అక్కడ చూచిన సంగతులు చెప్పుమని నన్ను పిలిచిరి. అది ఆదివారము సాయంకాలము. వరికోతల కాలమగుటచే జనులు ఆలస్యముగా వచ్చిరి. అందరు వచ్చిన తరువాత కూడ మందిరములో ముప్పదిమందికి మించి లేరు. వారిలో యౌవనస్థులు ముగ్గురో నలుగురో. నేను నా సెల్‌ఫోనులోని చిత్రములను చేతినుండి చేతికి పంపుచు, ఇది పౌలు నడిచిన బాట, ఇది లూదియ బాప్తిస్మము పొందిన ఏరు, ఇది కొరింథులోని న్యాయపీఠము అని ఉత్సాహముగా చెప్పుచుంటిని. అప్పుడు వెనుక చాపమీద కూర్చున్న ఒక అవ్వ నన్ను ఆపి అడిగెను:

“అయ్యగారూ, రాళ్లు మంచిగనే చూపెట్టిన్రు. గని గా ఫిలిప్పీ సంఘం ఇప్పుడెట్లున్నది? ఆదివారం నాడు మందిరం నిండుతున్నదా? ఆ జైలు నాయకుని మన్మలు, మునిమన్మలు ఎవరన్న ఉన్నరా?”

నాకు వెంటనే నోట మాట రాలేదు. అంత దూరము పోయి, అంత ధనము వెచ్చించి, నేను స్తంభములను లెక్కించి వచ్చితినే గాని ఈ ప్రశ్న అడుగవలెనని నాకు తోచలేదు. అయితే ఆమెకు అది సహజమైన ప్రశ్న. ఒకప్పుడు చాపలు చాలక గుమ్మము బయట కూర్చుండిన సంఘమది. నేడు పిల్లలు దుబాయి పోయిరి, మస్కటు పోయిరి, కువైటు పోయిరి, మిగిలినవారు హైదరాబాదు పోయిరి. ఉన్నవారు ముసలివారు, బీడీలు చుట్టు స్త్రీలు, బడి పిల్లలు. ఆమె అడిగినది ఫిలిప్పీని గూర్చియే గాని ఆ మాటలో ఈ ఊరి భయము కూడ ఉండెను. ఆ రాత్రి నేను చెప్పగలిగినంత చెప్పితిని. చెప్పలేకపోయినది ఈ పత్రికలో వ్రాయుచున్నాను.

మొదట ఆ పట్టణము సంగతి. పౌలు త్రోయలో ఉండగా రాత్రివేళ దర్శనములో మాసిదోనియవాడొకడు నిలిచి, సముద్రము దాటి వచ్చి తమకు తోడ్పడుమని వేడుకొనెను. పౌలు ఓడ ఎక్కి సమొత్రాకే మీదుగా నెయపొలి చేరెను. ఆ నెయపొలియే నేటి కవాల అను రేవు పట్టణము. అక్కడినుండి కొండదారి దాటి రమారమి 15 కిలోమీటర్లు పోయిన ఫిలిప్పీ. అలెగ్జాండరు తండ్రియైన ఫిలిప్పు క్రీస్తుపూర్వము 356లో ఆ ఊరు పట్టుకొని తన పేరు పెట్టెను. తరువాత రోమీయులు దానిని తమ విడిది పట్టణముగా చేసి, సైన్యమునుండి విరమించినవారికి భూములు పంచి ఇచ్చిరి. పౌలు వచ్చినది క్రీస్తుశకము 49 లేక 50 ప్రాంతమున.

ఇక్కడ ఒక సంగతి గమనింపుడి. దర్శనములో పిలిచినవాడు పురుషుడు. తీరా పోయి చూడగా ప్రార్థనకు కూడియున్నవారు స్త్రీలు, అదియు ఊరి బయట ఏటి ఒడ్డున. ఆ ఊరిలో సమాజమందిరమున్నట్లు లూకా వ్రాయలేదు. ఆ స్త్రీలలో హృదయము తెరువబడిన లూదియ సహితము ఆ ఊరిది కాదు, ఆసియలోని తుయతైరనుండి ఊదారంగు సరకు అమ్ముటకు వచ్చిన వ్యాపారస్థురాలు. సిరిసిల్లలో రంగు నూలు బేరము చేయువారిని ఎరిగిన మీకు ఆమె ఎట్టి మనిషియో నేను వేరుగా వర్ణింపనక్కరలేదు. లెక్క తెలిసినది, మాటకు నిలుచునది, ఇంటిని నడుపుకొనునది. యూరపు ఖండములో మనకు పేరు తెలిసిన మొదటి సంఘము ఆమె ఇంటిలో కూడుకొనెను.

మేము పోయినప్పుడు ఆ ఏరు సన్నగా పారుచుండెను. మన కాలువ అంత కూడ లేదు. ఒడ్డున పెద్ద చెట్లు, రాతి మెట్లు, దగ్గరలో లూదియ పేరట ఇటీవలి కాలమున కట్టిన ప్రార్థనామందిరము ఉన్నవి. నేను చెప్పులు విడిచి నీళ్లలో పాదములు పెట్టితిని. చల్లని నీరు. అక్కడ నాకు నిజముగా ప్రార్థన వచ్చెను. యాత్ర నడిపించువారు మాత్రము గడియారము చూచుకొనుచు మమ్మును బస్సు ఎక్కించుటకు తొందరపెట్టిరి. ఫిలిప్పీ అంతటికి మాకు దొరికినది గంటన్నర.

శిథిలముల మధ్య ఒక చిన్న రాతి గదిని చూపి, ఇది పౌలు సీలలు బంధింపబడిన చెర అని మాకు చెప్పిరి. మాలో అనేకులు ఏడ్చిరి. నేనును ఏడ్చితిని. తిరిగి వచ్చిన తరువాత చదువగా, అది మొదట నీరు నిలువచేయు తొట్టియై యుండెననియు, తరువాతి కాలపు విశ్వాసులు దానిని చెరగా ఎంచి గౌరవించిరనియు త్రవ్వకములు జరిపినవారు చెప్పుచున్నారని తెలిసెను. నాకు కొంత సిగ్గు కలిగెను. అయినను ఆ కన్నీళ్లు వ్యర్థమని నేననను. వీపున దెబ్బలు తిని, కాళ్లు బొండలో బిగింపబడి, అర్ధరాత్రి పాటలు పాడిన మనుష్యులు ఆ ఊరిలోనే ఎక్కడనో ఉండిరి. భూకంపము తరువాత ఆ చెరసాల నాయకుడు వారి గాయములు కడిగినది కూడ ఆ ఊరిలోనే. ఏ గదియో తెలియదు గాని కడిగిన చేయి మాత్రము నిజము.

ఇప్పుడు అవ్వ ప్రశ్న. ఫిలిప్పీ సంఘము ఎట్లున్నది? ఊరే లేదు. భూకంపములు వచ్చెను, దండయాత్రలు వచ్చెను, జనులు తరలిపోయిరి, కొన్ని శతాబ్దముల క్రిందటనే అది పాడుపడి పొలమైపోయెను. 1914లో ఫ్రెంచివారు త్రవ్వకములు ఆరంభించి బాటను, అంగడి వీధిని, మందిరముల పునాదులను వెలికి తీసిరి. 2016లో ఐక్యరాజ్యసమితివారి యునెస్కో సంస్థ దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా ఎన్నిక చేసెను. సందర్శకులు వచ్చుచున్నారు. ఆదివారము నిండుటకు అక్కడ పైకప్పున్న మందిరమే లేదు. ఈ మాట అవ్వతో చెప్పుటకు నాకు కష్టమాయెను.

అయితే అంతటితో సంగతి ముగియలేదు. పౌలు తరువాత అరువది డెబ్బది ఏండ్లకు స్ముర్న అధ్యక్షుడైన పోలికార్పు ఫిలిప్పీయులకు ఒక పత్రిక వ్రాసెను. అది నేటికిని ఉన్నది. దానివలన మనకు తెలియునదేమనగా, అప్పటికి ఆ సంఘము బ్రతికియే యున్నది, కష్టములతో ఉన్నది. వాలెన్సు అను సంఘ పెద్ద ఒకడు ధనాశలో పడి తన పనికి తగనివాడాయెను. అతని భార్యయు అందులో చేరెను. పోలికార్పు వారిని గూర్చి దుఃఖపడి, వారిని శత్రువులుగా చూడక తప్పిపోయిన అవయవములుగా ఎంచి తిరిగి చేర్చుకొనుడని ఆ సంఘమును కోరెను. సంఘపు డబ్బును గూర్చిన తగవు మన ఊళ్లలోనే పుట్టినదని తలంచువారు ఈ సంగతి తెలిసికొనవలెను. పౌలు కన్నీళ్లతో స్థాపించిన సంఘములోనే అది వచ్చెను, ఆ సంఘము దాని క్రింద పడి చావలేదు.

మరియు నాలుగవ శతాబ్దపు మొదటి భాగములో అక్కడ పౌలు పేరట ఒక మందిరము కట్టబడెను. రంగురాళ్లు పొదిగిన దాని నేలమీద, ఈ పని చేయించినది అధ్యక్షుడైన పొర్ఫూరియు అని గ్రీకు అక్షరములతో నేటికిని ఉన్నది. నేను దానిని కంటితో చూచితిని. అనగా లూదియ తరువాత రమారమి మూడువందల ఏండ్లకు కూడ అక్కడ ఆదివారములు ఉండెను, దీపములుండెను, చందా వేసి నేల పరచుకొనుటకు తగినంత మంది ఉండిరి. ఊరు పోయిన తరువాత కూడ ఆ పేరు పోలేదు. నేటికిని కవాలలో ఉండు గ్రీకు సంఘపు అధ్యక్షుని బిరుదులో ఫిలిప్పీ పేరు మొదట వచ్చును.

థెస్సలొనీకను గూర్చి ఎక్కువ చెప్పను. అది పాడుపడిన ఊరు కాదు, గ్రీసులో రెండవ పెద్ద పట్టణము. వాహనముల రద్దీలో పౌలును వెదకుట కష్టము. అచ్చట యాసోను పౌలు నిమిత్తము జామీను ఇచ్చి విడుదల పొందెనని మనము చదువుచున్నాము. ఆ పట్టణపు అధికారులకు లూకా వాడిన గ్రీకు బిరుదు వేరే గ్రంథములలో కనబడదు గనుక అతడు పొరబడెనని కొందరు పండితులు ఎగతాళి చేసిరి. ఆ ఊరి పాత ద్వారముమీద అదే బిరుదు చెక్కిన రాయి ఉండెను. 1876లో ద్వారము కూల్చినప్పుడు ఆ రాయి దక్కి, ఇప్పుడు లండనులోని బ్రిటిషు మ్యూజియములో ఉన్నది. లూకా చూచి వ్రాసినవాడు.

బెరయ నేడు వెరియ అనబడును, చుట్టును పండ్లతోటలు. అక్కడివారు విన్న బోధ నిజమో కాదోయని దినదినము లేఖనములు పరిశోధించిరి. మనలో చాలమందికి ఆ పరిశోధన ఆదివారము ప్రసంగికుడే చేయవలెను.

ఏథెన్సులో అరేయొపగు కొండ ఎక్కితిని. కొండ అనుటకంటె పెద్ద బండ అనుట తగును. వేల సంవత్సరములుగా పాదములు రాచుకొనుటచే అది అద్దమువలె నున్నగా ఉండును. నేను జారిపడి మోచేయి గీరుకొంటిని. పైనుండి చూడగా ఎదుట అక్రోపోలిసు మీద పార్థెనోను గుడి నిలువబడియుండును. పౌలు నాటికే అది ఐదువందల ఏండ్ల నాటిది. అంత వైభవము ఎదుట నిలిచి, చేతిపనియైన గుళ్లలో దేవుడు కాపురముండడని అతడు చెప్పెను. కొందరు నవ్విరి, కొందరు మరల విందుమనిరి. నమ్మినవారిలో దియొనూసి, దమరి అను ఇద్దరి పేర్లు మాత్రమే లూకా ఇచ్చెను. ఏథెన్సువారికి పౌలు వ్రాసిన పత్రిక మనకు లేదు. ఎండలో సైకిలుమీద పది ఊళ్లు తిరిగి, ఇద్దరు వినిరని చిన్నబోవు మన ఉపదేశకులకు ఈ లెక్క తెలియవలెనని నాకు ఆశ.

ఇక కొరింథు. ఇక్కడ నేను కొంచెము నిలువవలసియున్నది. ఆ పట్టణమును రోమీయులు క్రీస్తుపూర్వము 146లో నేలమట్టము చేసిరి, నూరేండ్ల తరువాత యూలియ కైసరు మరల కట్టించెను. రెండు సముద్రముల మధ్య సన్నని భూమి, రెండు ప్రక్కల రేవులు, నానా దేశముల కూలీలు, వ్యాపారులు, నావికులు. మన కాలమున దుబాయి ఎట్టిదో ఆ కాలమున కొరింథు అట్టిది. పౌలు అక్కడికి ఒంటరిగా వచ్చెను. అక్కడ అతనికి దొరికినవారు అకుల, ప్రిస్కిల్ల అను దంపతులు. వారెవరు? పొంతులో పుట్టిన యూదుడును అతని భార్యయు. రోమాలో బ్రతుకుచుండగా క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞ వలన వెళ్లగొట్టబడి, సామాను కట్టుకొని కొరింథు చేరిన వలసజనులు. వారి వృత్తి డేరాలు కుట్టుట. పౌలుకును ఆ పని వచ్చును గనుక వారి ఇంట ఉండి కలిసి పనిచేసెను. వారమంతయు సూది, దారము. విశ్రాంతి దినమున సమాజమందిరములో వాదన. ఏడాదిన్నర ఆ ఊరిలో నిలిచెను.

తరువాత ఆ దంపతులు ఎక్కడికి పోయిరో చూడుడి. ఎఫెసుకు పోయిరి, అక్కడ వారి ఇంట సంఘము కూడెను. మరల రోమాకు పోయిరి, అక్కడను వారి ఇంట సంఘము కూడెను. పొట్టచేత పట్టుకొని పోయిన ప్రతి ఊరిలోను వారు చాప పరచిరి. కెంక్రేయ రేవులోని ఫీబే సంగతియు అట్టిదే. రోమీయులకు వ్రాసిన పత్రికను ఆమెయే మోసికొనిపోయెనని పెద్దలు తలంచుచున్నారు. ఆమె ఊరి రేవు ఇప్పుడు సగము సముద్రములో మునిగియున్నది. ఒడ్డున నిలిచి చూచిన గోడలు నీళ్లక్రింద కనబడును. రేవు మునిగెను, ఆమె మోసిన పత్రిక మన చేతిలో ఉన్నది.

కొరింథు అంగడి నడుమ ఎత్తైన న్యాయపీఠము త్రవ్వకములలో బయటపడినది. పౌలును ఈడ్చుకొనివచ్చి గల్లియో ఎదుట నిలిపినది అక్కడనే అని చెప్పుదురు. దెల్ఫీలో దొరికిన ఒక రాతివ్రాత వలన గల్లియో అధికారము క్రీస్తుశకము 51, 52 ప్రాంతమని తేలినది. ఆ ఊరిలో పౌలు భయపడిన కాలమున, ప్రభువు రాత్రి దర్శనమిచ్చి, ఈ పట్టణములో తనకు జనము చాల ఉన్నారని చెప్పెను. అప్పటికి వారిలో అనేకులను పౌలు ఇంకను ఎరుగడు. నేను ఆ రాళ్లమీద కూర్చుండి ఆ మాటనే తలంచితిని. నాకు తెలిసిన పేర్ల పట్టీ వేరు, ప్రభువు పట్టీ వేరు.

గనుక మన చాపలు ఖాళీ అయినవని చెప్పునప్పుడు, అవి ఎక్కడ పరువబడినవో కూడ విచారింపవలెను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోయినవారిలో మన బిడ్డలున్నారు. అక్కడ సెలవు దినమున కూడుకొను తెలుగు ప్రార్థన కూటములున్నవి. పండ్రెండు గంటలు ఎండలో పనిచేసి, కంపెనీ గదిలో మంచముల మధ్య మోకరించు పిల్లవాడు కొరింథులోని అకులకు బంధువే. అయితే ఒక హెచ్చరిక. వాడు పోవునప్పుడు మనము వాని వీసా కొరకు ప్రార్థించితిమి, ఏజెంటు మోసము చేయకుండునట్లు ప్రార్థించితిమి. నీవు పోవుచోట సంఘముగా నుండుమని తలమీద చేయి ఉంచి పంపితిమా? దోర్నకల్ అధ్యక్షుడైన అజరయ్యగారు, 1912 మొదలు 1945లో మరణించువరకు ఈ తెలుగు గ్రామములలో తిరుగుచు, బాప్తిస్మము పొందిన ప్రతివాని చేతిని వాని తలమీదనే ఉంచించి, సువార్త ప్రకటింపనియెడల తనకు శ్రమయని వానిచేతనే చెప్పించెడివారు. ఆ మాట పౌలు కొరింథువారికి వ్రాసినదే. చదువురాని కూలివానిచేత అది పలికించిరి. అజరయ్యగారు తమిళులు, వేరొక దేశమునుండి వచ్చినట్లుగా మన భాష నేర్చుకొని వచ్చినవారు.

యాత్రను గూర్చి అడుగుచున్నవారికి ఒక మాట. నన్ను చూచి ఇద్దరు ముగ్గురు, తామును పోవలెనని, అవసరమైతే పసుపు పంటమీద అప్పు తెచ్చెదమని అనిరి. వద్దు. దేవుడు కలిగించిన ధనముంటే పోవుడి, మేలు కలుగును, బైబిలు చదువునప్పుడు ఊళ్లు కంటికి కట్టినట్లుండును. అప్పుచేసి పోవలసిన ఆజ్ఞ ఎక్కడను లేదు. మాసిదోనియ సంఘములు నిరుపేదలై యుండియు యెరూషలేములోని బీదల కొరకు చందా పంపిరని పౌలు కొరింథువారికి వ్రాసెను. యెరూషలేము చూచి వచ్చుటకు కాదు, అక్కడివారి ఆకలి తీర్చుటకు. నేను ఖర్చుచేసిన మొత్తముతో ఆ అవ్వ ఊరి మందిరపు పైకప్పు రేకులు మార్చవచ్చును. ఈ లెక్క నేను పోకమునుపు వేసికొనలేదు.

ఆ రాత్రి కూటము ముగిసిన తరువాత అవ్వ నన్ను తన ఇంటికి పిలిచెను. కరెంటు పోయియుండెను. మక్కగట్క, పచ్చిపులుసు పెట్టెను. భోజనమైన తరువాత, ఆ ఊరు లేకపోతే పోయింది గాని వాళ్లకు వచ్చిన ఉత్తరమైన చదువుమనెను. సెల్‌ఫోను వెలుతురులో నేను ఫిలిప్పీ పత్రిక మొదటినుండి చివరవరకు, నాలుగు అధ్యాయములు, 104 వచనములు ఎక్కడను ఆపక చదివితిని. ఇరువది నిమిషములు కూడ పట్టలేదు. ఇన్నేండ్లు దానిని ముక్కలుగా బోధించితినే గాని ఉత్తరమువలె ఒక్కసారి చదివి ఎవరికిని వినిపింపలేదు. సంఘము పంపిన కానుక మోసికొనిపోయి, పరదేశములో చావునకు సిద్ధమగునంతగా జబ్బుపడిన ఎపఫ్రొదితు మాట వచ్చినప్పుడు అవ్వ కన్ను తుడుచుకొనెను. ఆమె మనుమడు కువైటులో ఉన్నాడు.

నాలుగవ అధ్యాయము మొదట యువొదియ, సుంటుకే అను ఇద్దరు స్త్రీలను, మనస్సు కలుపుకొనుడని పౌలు పేరుపెట్టి బ్రతిమాలుకొనును. నేను చదువుట ముగించిన తరువాత అవ్వ చాలసేపు మాటలాడలేదు. తరువాత అడిగెను:

“అయ్యగారూ, గా ఇద్దరు ఆడోళ్లు మల్ల మాట్లాడుకున్నరా?”

పత్రికలో లేదని చెప్పితిని. పోలికార్పు వ్రాసినదానిలో కూడ లేదని చెప్పితిని.

ఆమెకును ఆమె తోడికోడలికిని పొలముగట్టు తగాదా వలన మూడేండ్లుగా మాటలు లేవని ఊరంతటికి తెలుసు, నాకును తెలుసు. ఒకే మందిరములో ఒకరు కుడిప్రక్క గోడకు, ఒకరు ఎడమప్రక్క గోడకు కూర్చుందురు. నేనేమియు అనలేదు. ఆ రాత్రి వారి అరుగుమీదనే పడుకొంటిని.

తెల్లవారి మొదటి బస్సుకు నేను పోవుచుండగా, అవ్వ తోడికోడలి వాకిట కూర్చుండి చాటలో చిక్కుడుకాయలు తుంచుచుండెను. లోపలినుండి ఇంకను ఎవరును బయటికి రాలేదు. నన్ను చూచి, పొమ్మన్నట్లు చేయి ఊపెను.